అడాస్ ఎప్పుడు చేతులెత్తేస్తుంది: ఎలక్ట్రిక్ కారులో డ్రైవర్ అసిస్టెన్స్ వాడే పద్ధతి

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. క్రూజ్ (అడాప్టివ్ క్రూజ్, అంటే ముందు బండిని బట్టి వేగాన్ని తానే పెంచి తగ్గించే ఏర్పాటు) ఆన్‌లో ఉంది, ముందు ఒక వ్యాను. ఆ వ్యాను ఉన్నట్టుండి పక్క లేన్‌లోకి తప్పుకుంది. దాని ముందు, చెడిపోయి నడిరోడ్డు మీద ఆగిపోయిన లారీ. మీకు లారీ కనిపిస్తోంది. కారుకు మాత్రం ఆ క్షణంలో అర్థమయ్యేది వేరు: ముందు బండి పోయింది, దారి ఖాళీ అయింది. కాబట్టి బ్రేక్ వేయకపోవడం అటుంచి, సెట్ చేసిన వేగం అందుకోవడానికి ముందుకు ఉరకొచ్చు కూడా. ఎలక్ట్రిక్ మోటారు కదా, గేరు మారే ఆలస్యం కూడా ఉండదు.

ఇది కారు చెడిపోవడం కాదు, అడాస్, అంటే డ్రైవర్‌కు తోడ్పడే ఈ ఏర్పాట్లు, తయారైన తీరే అంత. ముందు బంపర్‌లోని రాడార్ సాధారణంగా 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. కదిలే బండి ఎంత వేగంతో దగ్గరవుతోందో, దూరమవుతోందో అది చక్కగా పసిగడుతుంది. కదలనివాటితోనే తంటా. రోడ్డు పక్క రెయిలింగు, పైన వంతెన, సైన్‌బోర్డు, దారిలో పడ్డ ఇనప మూత, అన్నిటి నుంచీ ప్రతిధ్వని వస్తుంది. ప్రతిదానికీ బ్రేక్ వేస్తే కారు నడవదు. అందుకని నిశ్చలంగా ఉన్న చాలావాటిని సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టేస్తుంది. కెమెరా తోడుంటే కొంత నయం, కానీ పూర్తి భరోసా కాదు. హైవే వేగాల్లో ఆగి ఉన్న వాహనాలను గుర్తించకపోవచ్చని ఓనర్స్ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. చదివేవాళ్ళే తక్కువ.

రెండో సంగతి బ్రేకు బలం. అడాప్టివ్ క్రూజ్‌కు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15622. గంటకు 72 కిలోమీటర్లు దాటిన వేగాల్లో క్రూజ్ తనంతట తాను వేసే బ్రేకు సగటున 3.5 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ (సెకనుకు వేగం ఎంత తగ్గుతుందన్న కొలత) మించకూడదని అందులో ఉంది. పొడి రోడ్డు మీద మీరు కాలు బలంగా తొక్కితే 8 దాకా సులువుగా వస్తుంది. లెక్క వేసి చూడండి: 100 వేగం నుంచి ఆగడానికి క్రూజ్‌కు 110 మీటర్లు కావాలి, మీ కాలికి 48 చాలు, రియాక్షన్ టైమ్ కాకుండా. అంటే లారీని గుర్తుపట్టినా క్రూజ్ మెత్తగానే బ్రేక్ వేస్తుంది. గట్టిగా వేసేది ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్. అది వేరే వ్యవస్థ, చివరి క్షణంలో మేలుకుంటుంది. గుద్దుకోవడాన్ని ఒక్కోసారి ఆపుతుంది, చాలాసార్లు దెబ్బ తీవ్రత తగ్గిస్తుంది.

క్రూజ్, లేన్ స్టీరింగ్ (కారును లేన్ మధ్యలో ఉంచేలా స్టీరింగ్ తిప్పేది) రెండూ కలిసి నడిపే ఏర్పాటును, వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జె3016 ప్రమాణంలో లెవెల్ 2 అంటారు. కంపెనీ దానికి ఏ పేరు పెట్టినా, ఎంత పెద్ద తెర మీద బొమ్మలు చూపించినా, లెవెల్ 2 అంటే ఒకటే అర్థం: రోడ్డు చూడాల్సింది మీరు. అందుకే ఏ ఫీచర్ ఏం చేస్తుందన్నదాని కంటే, అది ఎప్పుడు వదిలేస్తుంది, వదిలేసినప్పుడు మీ కాలూ చెయ్యీ ఎక్కడ ఉండాలి అన్నది ముందు నేర్చుకోవాలి.

బయల్దేరే ముందు

వెనక చూసే అద్దం వెనకాల, విండ్‌స్క్రీన్‌కు ఆనుకుని కెమెరా ఉంటుంది. బయట ఆ చోటును వైపర్ తుడుస్తుంది కానీ లోపలి వైపు ఎవరూ తుడవరు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే పొర అద్దం లోపల పట్టి, ఎదురెండలో తెల్లటి మసకలా మారుతుంది. కెమెరా కవర్ విప్పకుండా చుట్టూ అందినంత మేర మెత్తని పొడిగుడ్డతో తుడవండి. వైపర్ రబ్బరు పాతబడి గీతలు గీతలుగా తుడుస్తుంటే ఆ గీతలు కెమెరాకు కూడా అడ్డమే. డాష్‌క్యామ్, టోల్ స్టిక్కర్, వేలాడే బొమ్మ లాంటివి కెమెరా ముందు ఉండకూడదు.

రాడార్ ముందు లోగో వెనకో, కింది గ్రిల్ వెనకో ఉంటుంది. దాని ముందు స్టిక్కర్, అదనపు నంబర్ ప్లేట్ ఫ్రేమ్, బుల్ గార్డ్ ఏదీ వద్దు. బురద, మంచు పేరుకుంటే చేత్తో తీసేయాలి. బంపర్‌కు మందంగా మళ్ళీ పెయింట్ వేయించినా రాడార్ చూపు దెబ్బతినొచ్చు. వెనక సైకిల్ ర్యాక్ పెట్టారా, అది తీసేదాకా బ్లైండ్ స్పాట్ (అద్దాల్లో కనపడని పక్క చోటు) హెచ్చరికనీ, వెనక్కి వెళ్ళేటప్పటి ఆటో బ్రేక్‌నీ నమ్మకండి.

డిక్కీలో బాగా బరువు వేస్తే కారు ముక్కు పైకి లేస్తుంది, దాంతో కెమెరా చూపూ లేస్తుంది. టైర్లలో గాలి తేడాగా ఉన్నా, వీల్ అలైన్‌మెంట్ తప్పినా లేన్ మధ్యలో ఉండాల్సిన కారు ఒక పక్కకు జరిగి నడుస్తుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌దని అనుకునే ముందు గాలి చూసుకోండి.

ఇక సెట్టింగులు. అన్నీ కారు ఆగి ఉన్నప్పుడే. ముందు బండితో గ్యాప్ అన్నిటికంటే ఎక్కువలో పెట్టండి. ఢీకొనే హెచ్చరికకు ఎర్లీ, మీడియం, లేట్ అని ఉంటే ఎర్లీ ఎంచుకోండి. హెచ్చరిక శబ్దం పాటలను మించి వినపడేలా ఉండాలి. ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ను ఎప్పుడూ ఆపొద్దు, కార్ వాష్‌లోకి నెట్టేటప్పుడు తప్ప. కొన్ని కార్లలో దానికి వాష్ మోడ్ వేరుగా ఉంటుంది.

మొదట క్రూజ్ ఒక్కటే

రెండు ఫీచర్లూ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి మూడు నాలుగు ప్రయాణాలు లేన్ స్టీరింగ్ లేకుండా, క్రూజ్ ఒక్కటే. పగటిపూట, పొడి రోడ్డు, నేరుగా సాగే దారి, పలచని ట్రాఫిక్.

1. ఆన్ చేయగానే డిస్‌ప్లే చూడండి. బూడిద రంగు గుర్తు ఉంటే సిద్ధంగా ఉందని మాత్రమే. పచ్చగానో నీలంగానో మారితేనే నడుపుతోందని. రంగులు కారును బట్టి మారతాయి, మీ కారులో ఏవో కంఠతా ఉండాలి. క్రూజ్ ఆన్‌లో ఉందనుకుని కాలు తీసేయడం వల్ల జరిగే పొరపాట్లు ఇక్కడే పుడతాయి.

2. ఆపే దారులన్నీ చేసి చూడండి: బ్రేక్ పెడల్, క్యాన్సిల్ బటన్, స్టీరింగ్ పక్కన క్రూజ్ కాడ (స్టాక్) ఉంటే దాన్ని నెట్టడం. ఒక్కొక్కటి పది సార్లు, బటన్ వైపు చూడకుండా వేలు దానంతట అదే వెళ్ళేదాకా.

3. గ్యాప్ కొలవండి. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే "వెయ్యీ ఒకటి, వెయ్యీ రెండు" అని లెక్కపెట్టండి. రెండు పూర్తయ్యేలోపే మీ కారు ఆ స్తంభం దగ్గరికి చేరితే గ్యాప్ చాలదు. 100 వేగంలో 2 సెకన్లంటే 56 మీటర్లు. కొన్ని కార్లలో తక్కువ గ్యాప్ సెట్టింగు ఒక సెకనుకు అటూఇటూ ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఎక్కువ గ్యాప్ పెడితే పక్కవాళ్ళు మధ్యలో దూరతారని చాలామంది తగ్గిస్తారు. దూరనివ్వండి. కారు మళ్ళీ వెనక్కి తగ్గుతుంది, పోయేది కొన్ని సెకన్లే.

కాలు ఎక్కడ పెట్టాలన్నది దీనికంటే ముఖ్యం. క్రూజ్ నడుస్తున్నప్పుడు పాదం బ్రేక్ పెడల్ ముందు, తాకకుండా, మడమ నేల మీద ఆనించి ఉండాలి. కొందరు అలవాటుగా యాక్సిలరేటర్ మీద ఆనిస్తారు. దాన్ని కొంచెం నొక్కినా "డ్రైవరే నడుపుతున్నాడు" అని కారు తీసుకుని, చాలా కార్లలో క్రూజ్ బ్రేక్ వేయడం మానేస్తుంది. తెర మీద చిన్న సందేశం వస్తుంది, అంతే. ముందు బండి ఆగుతుంటే మీ కారు ఆగదు. కాలు పూర్తిగా మడిచి సీటు కిందికి పెట్టుకోవడమూ తప్పే, అక్కడి నుంచి బ్రేక్ మీదికి రావడానికి అర సెకను పోయినా 14 మీటర్లు పోయినట్టే.

రిజ్యూమ్ బటన్‌తో జాగ్రత్త. హైవే మీద 100 సెట్ చేశారు, దిగి సన్నటి రోడ్డు మీదికి వచ్చారు, అలవాటుగా రిజ్యూమ్ నొక్కారు. కారుకు గుర్తున్నది 100. హైవే దిగగానే క్రూజ్ పూర్తిగా ఆఫ్ చేసి, కావాలంటే కొత్త వేగంతో మళ్ళీ సెట్ చేయడం మంచిది. దిగే ర్యాంపు మీద కూడా ఇదే గొడవ: ముందు బండి హైవే మీదే ఉండిపోతుంది, మీరు ర్యాంపులోకి తిరుగుతారు, ముందు ఖాళీ కనపడగానే కారు మలుపులో వేగం పెంచుతుంది.

ట్రాఫిక్‌లో ఆగాక కొన్ని కార్లు కొద్ది సెకన్లలోపు ముందు బండి కదిలితే తామే కదులుతాయి. ఆ గడువు దాటితే మీరు రిజ్యూమ్ గానీ యాక్సిలరేటర్ గానీ తాకాలి. తాకే ముందు బానెట్ ముందు చూడండి: ఆగిన కార్ల మధ్య నుంచి నడిచి దాటేవాళ్ళు, దూరే బైకులు సెన్సర్లకు అందనంత దగ్గరలో ఉండొచ్చు. అలా ఆగి ఉన్నప్పుడు సీటు దిగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. పార్క్‌లో పెట్టాకే దిగాలి. ఎర్రలైటు సంగతి కూడా: ముందు బండి లేకపోతే చాలా క్రూజ్‌లు సిగ్నల్‌ను పట్టించుకోవు. స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, రోడ్డు మీద పడ్డ టైరు ముక్కలూ అంతే.

రీజెన్: ఎలక్ట్రిక్ కారు తిరకాసు

పెట్రోల్ కారులో క్రూజ్ క్యాన్సిల్ చేస్తే కారు జారుతూ నెమ్మదిస్తుంది. ఎలక్ట్రిక్ కారులో ఒక్క పెడల్ డ్రైవింగ్ (యాక్సిలరేటర్ మీద కాలు తీస్తేనే కారు నెమ్మదించే పద్ధతి) ఆన్‌లో ఉంటే, క్యాన్సిల్ నొక్కిన క్షణానే మీ కాలు యాక్సిలరేటర్ మీద లేదు కాబట్టి మోటారు వెంటనే బ్రేకులా పట్టేస్తుంది. మోటారు ఇలా కారును ఆపుతూ ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపడమే రీజెన్. బలమైన రీజెన్ 2 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ దాకా వెళ్తుందనుకుంటే, ప్రతి సెకనుకూ వేగంలో 7 కిలోమీటర్లు ఊడిపోతాయి. మీకు లోపల తలలు ముందుకు తూలతాయి, వెనకవాడికి ఏ కారణమూ కనపడకుండా మీ కారు దగ్గరకు వచ్చేస్తుంది. ఐక్యరాజ్యసమితి నిబంధన 13-హెచ్ ప్రకారం రీజెన్ మందగింపు 1.3 దాటితే బ్రేక్ లైట్ వెలగాల్సిందే, 0.7 లోపుంటే వెలగకూడదు, మధ్యలో తయారీదారు ఇష్టం. లైటు వెలిగినా, ఎదురుచూడని చోట వెలిగితే వెనకవాడికి ఆ క్షణం చాలదు.

మెత్తగా క్యాన్సిల్ చేసే పద్ధతి ఇది. ముందు ఖాళీగా ఉన్నప్పుడు పాదాన్ని యాక్సిలరేటర్ మీద పెట్టి నెమ్మదిగా నొక్కండి. కారు కొంచెం ముందుకు తోస్తున్నట్టు అనిపించగానే, అంటే మీ కాలు క్రూజ్ ఇస్తున్న శక్తిని అందుకోగానే, బటన్‌తో క్యాన్సిల్ చేయండి. కుదుపు ఉండదు. ఈ రెండు మూడు సెకన్లూ కారు బ్రేక్ వేయదని గుర్తుంచుకోండి. ఎదుట అడ్డం వచ్చినప్పుడు ఈ మర్యాదలేం వద్దు, బ్రేక్ తొక్కేయండి.

రీజెన్ రోజూ ఒకేలా ఉండదు. బ్యాటరీ నిండా చార్జ్ అయి ఉన్నా, బాగా చల్లబడి ఉన్నా కరెంటు తీసుకోలేదు, రీజెన్ తగ్గిపోతుంది. క్రూజ్ నడుస్తున్నప్పుడు ఆ లోటును మామూలు బ్రేకులు పూరిస్తాయి. క్రూజ్ లేకుండా ఒక్క పెడల్‌తో నడుపుతుంటే కొన్ని కార్లు పూరిస్తాయి, కొన్ని పూరించవు. రెండో రకంలో నిన్న కాలు తీయగానే ఆగిన చోట ఇవాళ కారు ఇంకా ముందుకు పోతుంది. నూరు శాతం చార్జ్‌తో ఘాట్ దిగడం మొదలుపెట్టేటప్పుడు మొదటి మలుపులోపే ఒకసారి కాలు తీసి ఎంత పడుతోందో చూసుకోండి. తడి రోడ్డు, మంచు మీద బలమైన రీజెన్ డ్రైవ్ చక్రాలనే పట్టి జారిస్తుంది; అక్కడ రీజెన్ తక్కువలో పెట్టాలి, క్రూజ్ ఆపేయాలి.

ఇంకొకటి. ఇంజిన్ శబ్దం లేకపోవడంతో 110 కూడా 80లా అనిపిస్తుంది. క్రూజ్ వేగం చెవితో కాదు, స్పీడోమీటర్ చూసే పెట్టండి.

లేన్ స్టీరింగ్

పేరులో తికమక ఉంది. గీత దాటబోతే వెనక్కి నెట్టేది ఒకటి, లేన్ మధ్యలో నిరంతరం నడిపేది ఇంకొకటి. మొదటిది ఇండికేటర్ వేస్తే సాధారణంగా ఊరుకుంటుంది. వేయకుండా సైకిల్‌ను తప్పించబోతే స్టీరింగ్ మిమ్మల్ని తిరిగి సైకిల్ వైపే లాగొచ్చు. కాబట్టి పక్కకు తప్పుకోవాల్సిన ప్రతిసారీ ఇండికేటర్. లాగినా సరే, ఆ బలం మీ చేతుల బలం కంటే తక్కువే; గట్టిగా పట్టుకుంటే మీ మాటే నెగ్గుతుంది.

నిరంతరం నడిపేది మలుపుల్లో వదిలేస్తుంది, దానికి లెక్క ఉంది. ఐక్యరాజ్యసమితి నిబంధన 79 కింద ఈ రకం స్టీరింగ్ పుట్టించే పక్క త్వరణం, అంటే మలుపులో పక్కకు లాగే తీవ్రత, 3 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ దాటకూడదు. ఆ లెక్కన 100 వేగంలో దాదాపు 260 మీటర్ల వ్యాసార్థం కంటే బిగువైన మలుపు, 80 వేగంలో 165 మీటర్ల కంటే బిగువైనది దాని చేతుల్లో లేదు. చాలా కార్లు అంతకంటే ముందే వదిలేస్తాయి. మలుపు మొదట్లో బాగానే తిరిగి, సగంలో గీత వైపు జారిపోతుంది. కాబట్టి మలుపులోకి వెళ్ళాక కాదు, ముందే వేగం తగ్గించి మీరే తిప్పండి.

అదే నిబంధన వర్తించే కార్లలో చేతులు వదిలేస్తే 15 సెకన్లలోపు కంటికి హెచ్చరిక, 30 సెకన్లలోపు ఎరుపుతో పాటు శబ్దం, ఆ తర్వాత మరో 30 సెకన్లలోపు స్టీరింగ్ ఆగిపోవడం వరుసగా జరగాలి. మొదటి హెచ్చరిక వచ్చేలోపే 100 వేగంలో 417 మీటర్లు దాటేస్తారు. హెచ్చరిక వచ్చేదాకా చేతులు తీయొచ్చన్న లెక్క ఎందుకు తప్పో ఈ అంకె చాలు.

చేతులు పెట్టే ఉన్నా "స్టీరింగ్ పట్టుకోండి" అని అరుస్తోందని చాలామంది విసుక్కుంటారు. స్టీరింగ్‌లో టార్క్ సెన్సర్ ఉన్న కార్లలో అది స్పర్శను కాదు, తిప్పే బలాన్ని చూస్తుంది. రెండు చేతులూ సమానంగా పెడితే ఎడమ బరువూ కుడి బరువూ రద్దయి సెన్సర్‌కు సున్నా కనిపిస్తుంది. ఒక చేతి బరువును స్టీరింగ్ చక్రం మీద కొంచెం ఎక్కువ వేలాడనివ్వండి, రెండో చెయ్యి తేలిగ్గా. కుదిపి చూపించొద్దు, కుదుపు పెద్దదైతే స్టీరింగే ఆగిపోతుంది. చక్రానికి బరువు కట్టి కారును మోసం చేసే సామాను జోలికి అస్సలు వెళ్ళొద్దు.

ఒక్క విషయం మాత్రం మీ కారులో తప్పక తెలుసుకోవాలి. మీరు బలంగా తిప్పితే లేన్ స్టీరింగ్ ఆగిపోయి క్రూజ్ కొనసాగుతుందా, రెండూ ఆగుతాయా, లేక కొద్దిసేపటికి స్టీరింగ్ దానంతట అదే తిరిగి వస్తుందా? మూడు రకాల కార్లూ ఉన్నాయి. ఖాళీ రోడ్డు మీద తేల్చుకోండి. స్టీరింగ్ ఆగి క్రూజ్ మాత్రం నడుస్తుంటే, అన్నీ ఆగాయనుకుని కూర్చునే ప్రమాదం ఉంది.

ఆపేయాల్సిన చోట్లు

రోడ్డు పనులు: పాత గీతలూ కొత్త గీతలూ కలిసి కనపడతాయి, కోన్లను చాలా కార్లు లెక్కచేయవు. లేన్లు కలిసేచోట, విడిపోయేచోట కారు ఏ గీతను పట్టుకుంటుందో ఊహించలేం. టోల్ గేట్లు, కూడళ్ళు, రౌండబౌట్లు. ఎదురుగా వాలే సూర్యుడు, కుండపోత వాన, పొగమంచు. వాన వెలిశాక తడి రోడ్డు మెరిసేటప్పుడు కూడా, తారు అతుకులు గీతల్లా కనిపిస్తాయి. మనుషులు, పశువులు అడ్డం వచ్చే రోడ్లు.

కారణం లేకుండా కారు బ్రేక్ వేయడం కూడా ఉంది. వంతెన నీడ, మలుపులో పక్క లేన్ లారీ, రోడ్డు పక్క బోర్డు లాంటివి కారణమవుతాయి. ఎదుట నిజంగా ఏమీ లేదని చూసుకుని యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే క్రూజ్ వేసిన బ్రేకు వదులుతుంది. ఒకే చోట రోజూ అలా అవుతుంటే ఆ చోటికి ముందే ఆపేసుకోండి. అకస్మాత్తుగా వేగం తగ్గిందా, వేగపరిమితి బోర్డు తప్పు చదివిందేమో చూడండి. పక్క సర్వీస్ రోడ్డు బోర్డునూ, లారీ వెనక అంటించిన అంకెనూ కెమెరా మీ పరిమితే అనుకోవచ్చు.

ఎమర్జెన్సీ బ్రేక్ మోగినప్పుడు ముందు రోడ్డు చూడండి, తెర కాదు. చూస్తూనే బ్రేక్ గట్టిగా తొక్కండి. కారు తానే వేస్తోంది కదా అని కాలు తీయకండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినా చాలా కార్లు అది మీ నిర్ణయమనుకుని వదిలేస్తాయి. చీకట్లో నడిచేవాళ్ళను గుర్తించడం పగటికంటే బలహీనం. పనిచేస్తుందో లేదో చూద్దామని అట్టపెట్టెతోనో మనిషితోనో పరీక్షలు పెట్టొద్దు.

పార్కింగ్ సెన్సర్లు అల్ట్రాసోనిక్, అంటే చెవికి వినపడని శబ్దంతో దూరం కొలిచేవి. సన్నటి స్తంభం, గొలుసు, తక్కువ ఎత్తు గట్టు, లారీ వెనక గాల్లో ఉన్న పలక వాటికి సరిగా దొరకవు. అడ్డం మరీ దగ్గరైతే దూరం చెప్పడం మానేసి ఒకే మోత మోగుతుంది, అక్కడ ఆగాలి. బ్లైండ్ స్పాట్ దీపం వెలగకపోతే పక్కన ఎవరూ లేరని అర్థం కాదు. వేగంగా వచ్చే బైకును అది ఆలస్యంగా చూస్తుంది, మెడ తిప్పి చూడాల్సిందే.

రిపేర్ తర్వాత, అప్‌డేట్ తర్వాత

విండ్‌స్క్రీన్ మార్చినా, బంపర్ విప్పి బిగించినా, సస్పెన్షన్ ఎత్తు మారినా, అలైన్‌మెంట్ చేయించినా కెమెరా, రాడార్ క్యాలిబ్రేషన్ (వాటి చూపును మళ్ళీ సరిచేయడం) అవసరమో కాదో మాన్యువల్ చెబుతుంది. విండ్‌స్క్రీన్‌కు అయితే దాదాపు ఎప్పుడూ అవసరమే. రెండు రకాలు: షెడ్డులో కొలిచిన దూరంలో టార్గెట్ బోర్డులు పెట్టి చేసేది, స్కానర్ కలిపి గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నడిపి చేసేది. కొన్ని కార్లకు రెండూ కావాలి. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు తప్పితే 100 మీటర్ల దూరంలో అది 1.7 మీటర్లు, అంటే దాదాపు సగం లేను. హెచ్చరిక దీపం వెలగడం లేదు కాబట్టి సరిపోయిందని అనుకోకుండా, క్యాలిబ్రేషన్ చేసినట్టు ప్రింటవుట్ అడిగి తీసుకోండి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాత్రికి రాత్రే గ్యాప్‌నూ, బ్రేక్ తీరునూ, కొన్నిసార్లు బటన్ పనినీ మార్చేస్తుంది. మీరు మార్చిన సెట్టింగులు మొదటికి వచ్చి ఉండొచ్చు. అప్‌డేట్ నోట్‌లో డ్రైవర్ అసిస్టెన్స్ అనే మాట కనిపిస్తే, ఆ రోజు మొదటి ప్రయాణంలో గ్యాప్ లెక్క, క్యాన్సిల్ బటన్, స్టీరింగ్ తిప్పినప్పుడు ఏం ఆగుతుంది అన్న మూడూ మళ్ళీ చూసుకున్నాకే ట్రాఫిక్‌లో ఆన్ చేయండి. ఇంట్లో ఇంకెవరైనా అదే కారు నడుపుతుంటే, తాళం ఇచ్చేటప్పుడే వాళ్ళకు ఆ మార్పు చెప్పాలి.